కాలవగట్టు నడక బృందానికి బహిరంగ లేఖ: కొండ ఎక్కుదాం, ముందు దిగడం నేర్చుకుందాం

అధ్యక్షులు మాష్టారు గారికి, కోశాధికారి గారికి, తెల్లారకుండానే లాకుల దగ్గర పోగయ్యే అన్నయ్యలకి, అక్కయ్యలకి, బాబాయిలకి, పిన్నులకి నమస్కారాలు.

మొన్న టీ కొట్టు దగ్గర మనం చేసిన తీర్మానం గురించే ఈ ఉత్తరం. కార్తీకంలో ఓ ఆదివారం నలభై మందిమి బస్సు మాట్లాడుకుని, అర్ధరాత్రి దాటాక బయల్దేరి విశాఖపట్నం వెళ్ళడం, మాధవధార వైపు నుంచి అడవి దారిన సింహాచలం కొండెక్కడం, పైన వనభోజనాలు, స్వామి దర్శనం, మెట్లదారిన దిగడం, మళ్ళీ అర్ధరాత్రికి ఎవరిళ్ళకి వాళ్ళు చేరడం. వినడానికి ఎంత బాగుందో! నాకున్న అభ్యంతరం అక్కడే చెబుదామనుకుంటే ఈలోగా పెసరట్లు వచ్చేశాయి. పెసరట్టు ముందు ఎవరి అభ్యంతరం నిలబడింది గనక.

అందుకని రాసి చెబుతున్నాను. మన నలుగురికే కాకుండా అందరికీ కనబడేలా రాయడానికి కారణం ఉంది. మనల్ని చూసి అటు ముమ్మిడివరం వైపు, ఇటు రాజోలు వైపు నడక బృందాలు కూడా ఇలాంటి ప్రయాణాలే కట్టుకుంటున్నాయి. ఉద్యోగం పుణ్యమా అని చాలా ఏళ్ళు విశాఖలో ఉన్నవాణ్ణి. సెలవొస్తే ఆ కొండల్లోనే తిరిగేవాణ్ణి. కొండ వద్దనే మనిషిని కాను. తేదీ మార్చండి, వనభోజనాన్నీ కొండనీ విడదీయండి, ఈ మధ్యలో మెట్లు దిగడం సాధన చేద్దాం అంటున్నాను. ఎక్కడం గురించి నాకు పెద్ద బెంగ లేదు.

మనది నీళ్ళు ఎటు పారాలో ఆలోచించుకుని పారే నేల. గౌతమి, వశిష్ఠ, వైనతేయ వేసిన ఒండ్రు మీద పుట్టి పెరిగాం. కోనసీమలో మనం ఎక్కే ఎత్తు అంటే ఏటిగట్టు. అదీ కాకపోతే వంతెన. వరదలొచ్చినప్పుడు లంకల్లో వాళ్ళు డాబాలెక్కుతారు, అది వేరే సంగతి. మన ఊళ్ళో నిజంగా ఎక్కడం తెలిసినవాళ్ళు దింపు కార్మికులు. ఒక్క రోజులో వాళ్ళు ఎక్కి దిగే కొబ్బరిచెట్ల ఎత్తంతా కూడితే మనం వెళ్ళబోయే కొండ వాళ్ళకి లెక్కలోది కాదు. వాళ్ళలో ఒక్కరు కూడా మన బృందంలో లేరు, ఆ వేళకి వాళ్ళు పనిలో ఉంటారు.

మిగిలిన మనమంతా కాలవగట్టు మీద బల్లపరుపు దారిన ఫోన్లో పది వేల అడుగులు పూర్తయ్యేదాకా నడిచి, ఆ అంకె పక్కవాళ్ళకి చూపించుకుని ఇంటికొస్తున్నాం. ఆ పది వేలు వైద్యులు తేల్చి చెప్పిన లెక్కనుకునేరు. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే మీటరొకటి అమ్మకానికి పెడుతూ చేసిన ప్రచారంలోంచి వచ్చిన అంకె అది. నడక మంచిదే. గుండెకి, ఊపిరికి అది చేసే మేలు కొండెక్కేటప్పుడు కనబడుతుంది కూడా. మన మాష్టారు గారు మాధవధార దారిలో నాకంటే ముందే పైకి చేరినా నేను ఆశ్చర్యపోను. ఆయన కిందికి ఎలా వస్తారన్నదే నా బెంగ.

పైకి ఎక్కేటప్పుడు తొడ కండరం కుంచించుకుంటూ ఒంటిని లేపుతుంది. ఆయాసం వస్తుంది, కాసేపు ఆగుతాం, తగ్గుతుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ బరువు మోయాలి. నిండు బిందెని బావిలోకి తాడు వదులుతూ దింపేటప్పుడు చేతులు పడే శ్రమ అలాంటిది: తాడు జారిపోకూడదు, పట్టు వదలకూడదు. ఆయాసం రాదు కాబట్టి కష్టపడుతున్నామని తెలియదు. కండరం లోపల మాత్రం సన్నసన్నగా దెబ్బతింటూ ఉంటుంది. నొప్పి ఆ రోజు రాదు. మర్నాడు మొదలై, రెండో రోజుకి మంచం దిగాలన్నా గోడ పట్టుకునేలా చేస్తుంది. మోకాలి కీలు సంగతీ అంతే. లోపల కొలిచే పరికరం అమర్చిన కృత్రిమ మోకాళ్ళతో చేసిన పరీక్షల్లో, నేల మీద నడిచేటప్పుడు ఒంటి బరువుకి సుమారు రెండున్నర రెట్లు పడే భారం మెట్లు దిగేటప్పుడు మూడున్నర రెట్ల దాకా వెళ్ళింది. ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడే ఎక్కువ. డెబ్భై కిలోల మనిషి మోకాలి మీద అడుగడుక్కీ రెండున్నర క్వింటాళ్ళ దాకా అన్నమాట. మూడు బస్తాల ధాన్యం పైమాటే. సింహాచలం మెట్లేమో దాదాపు వెయ్యి.

కాలవగట్టు మీద ఎన్నేళ్ళు నడిచినా ఈ పని కాళ్ళకి అలవాటు కాదు. దిగితేనే అలవాటవుతుంది. మంచి సంగతేమిటంటే త్వరగా అలవాటవుతుంది. ఒక్కసారి కాస్త గట్టిగా మెట్లు దిగి నొప్పులు పడ్డాక, ఆ తర్వాత కొన్ని వారాల పాటు అదే పనికి కండరం అంతగా దెబ్బతినదు. కాబట్టి కొండకి వెళ్ళేముందే, ఇంటి దగ్గరే, నాలుగైదుసార్లు ఆ నొప్పులు కొద్దికొద్దిగా పడదాం.

ఎక్కడ అంటారా? వారంలో రెండు రోజులు గట్టు మాని కల్యాణమండపానికి పోదాం. మూడంతస్తులుంది, ముహూర్తాలు లేని రోజుల్లో వాచ్‌మన్ ఏమీ అనడు. మెల్లగా ఎక్కడం, ఇంకా మెల్లగా దిగడం. మొదటి వారం అయిదుసార్లు చాలు. లిఫ్టులో ఎక్కి మెట్ల మీద దిగినా నాకు అభ్యంతరం లేదు, మనకి కావలసింది దిగడమే.

రెండు మూడు వారాలయ్యాక ధవళేశ్వరం వెళ్దాం. జనార్దనస్వామి కొండ చిన్నది, పిల్లలు కూడా ఎక్కేస్తారు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కల్లా ఆనకట్ట పూర్తిచేయగలిగాడంటే ధవళేశ్వరంలో కొట్టడానికి కొండరాయి చేతికందేంత దగ్గర్లో ఉండటం ఒక కారణం. మన కాలవలకి మొదలు అక్కడే, కొండలకి దాదాపు చివర కూడా అక్కడే. ఆ తర్వాత పెద్దాపురం పాండవుల మెట్ట. గుహలున్నాయి, పైనుంచి చూస్తే చుట్టూ పచ్చటి మాగాణి. ఆ తర్వాత కోరుకొండ నరసింహస్వామి. అక్కడ మెట్లు నిటారుగా ఉంటాయి, కిందికి చూస్తే కొంతమందికి కళ్ళు తిరుగుతాయి. ఎవరికి తిరుగుతాయో సింహాచలంలో కాకుండా కోరుకొండలోనే తెలియడం మంచిది. చివరిగా అన్నవరం. ఎప్పుడూ బస్సులో రత్నగిరి ఎక్కి, వ్రతం చేసుకుని, ప్రసాదం పొట్లాలు సంచిలో వేసుకుని బస్సులోనే దిగే మనం, ఈసారి తొలిపావంచా, అంటే కొండ కింది మొదటి మెట్టు, దగ్గర దిగి నడిచి వెళ్దాం, నడిచే వద్దాం. అన్నవరం మెట్లు దిగిన రెండో రోజు పొద్దున ఎవరు మామూలుగా నడకకి వస్తారో వాళ్ళకి సింహాచలం సులువు.

దిగడంలో కూడా పద్ధతుంది. పాత రాతిమెట్లు మన డాబా మెట్లలా ఒకే ఎత్తులో ఉండవు. ఒకటి జానెడుంటే ఇంకోటి మోకాలెత్తు. నడిమధ్య అరిగి నునుపుదేలి ఉంటుంది, అంచున నాచు. కాబట్టి అడుగు మధ్యలో కాక కాస్త పక్కన, రాయి గరుకుగా ఉన్నచోట పడాలి. మడమ బిగించి ధన్‌మని వేయకూడదు. మోకాలు కొంచెం వంచి ఉంచి పాదమంతా ఆనించాలి. మెట్టు మరీ ఎత్తుగా ఉంటే పక్కకి తిరిగి, ముందు కర్ర, తర్వాత కింది కాలు, చివర్న పై కాలు. కర్ర అంటే వెదురు కర్ర చాలు, మోచేతి ఎత్తుకి కాస్త పైన. పట్టుకోవడానికో చోటు లేక చెయ్యి చాపాల్సి వస్తే కళ్ళకి కనబడని రాతిసందులో పెట్టకండి. పాముల గురించి కోనసీమవాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, మనకి అలవాటైన పాము గట్టు మీద కనబడుతుంది, కొండ మీది పాము రాయి కింద ఉంటుంది.

ఇక ప్రయాణం. అమలాపురం నుంచి యానాం, కాకినాడ, కత్తిపూడి, తుని, అనకాపల్లి మీదుగా విశాఖ రెండొందల కిలోమీటర్ల పైమాటే. రైలెక్కుదామంటే మన రైలు కోటిపల్లి దగ్గరే ఆగిపోయింది కదా, సామర్లకోటకో రాజమండ్రికో పోవాలి. అర్ధరాత్రి దాటాక బస్సెక్కి, తుని దగ్గర టీకి ఆగి, తొమ్మిదింటికి మాధవధార చేరి, నిద్రలేని కళ్ళతో, బస్సులో మడతపడ్డ కాళ్ళతో ఎక్కడం మొదలెడితే పదకొండు ఎండకి నడికొండ మీదుంటాం. అదే నాకు అన్నిటికంటే నచ్చనిది. ముందురోజు సాయంత్రానికి విశాఖ చేరి, సత్రంలోనో చవక లాడ్జిలోనో పడుకుని, తెల్లవారుజామునే లేచి, వెలుగు రాగానే మొదటి మెట్టెక్కాలి. ఆ రాత్రి అద్దె కోశాధికారి గారికి దుబారా అనిపిస్తుంది. నలభై మందికి పంచి చూడండి, మోకాలికి తీయించే ఎక్స్‌రే కంటే చవక.

ఎంతసేపు పడుతుందని అడుగుతారు. నెయిస్మిత్ అని స్కాట్లాండ్ కొండలెక్కే పెద్దాయన 1892లో చెప్పిన లెక్కొకటి ఇప్పటికీ వాడతారు: గంటకి అయిదు కిలోమీటర్ల నడక, దానికి తోడు ప్రతి 600 మీటర్ల ఎత్తుకి ఇంకో గంట. సింహాచలం కొండ సముద్రమట్టానికి సుమారు 300 మీటర్లు కాబట్టి ఎత్తు కోసం అరగంట కలపాలి. ఆ లెక్క అలవాటున్న మనిషి ఒంటరిగా, మంచి దారిన నడిస్తే. మనం నలభై మందిమి. ఒకరు చెప్పులో రాయి తీసుకుంటారు, ఒకరు ఫోటో అంటారు, ఒకరికి ఇంటి నుంచి ఫోనొస్తుంది. నెయిస్మిత్ గారి లెక్కని రెండింతలు చేసి, దాని మీద ఇంకో అరగంట వేసుకోండి.

వనభోజనం సంగతి. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద భోజనం వద్దని ఎవరన్నా అంటే ముందు గొడవపడేది నేనే. కానీ దాన్ని కొండ మీదికి ఎందుకు మోయడం? గుత్తివంకాయ, పనసపొట్టు కూర, పులిహోర, చక్రపొంగలి, గారెలు, బూరెలు, డేగిశాలతో సహా ఎవరు పైకి తీసుకెళ్తారు? పైన వండుకుందాం అన్నారెవరో. అడవిలో పొయ్యి వెలిగించడం నేరం, 1967 అటవీ చట్టంలోనే ఉంది. ఎండుగడ్డి మీద నిప్పురవ్వ పడితే చట్టంతో పనిలేకుండానే అందరం పరిగెత్తాల్సొస్తుంది. పైగా కడుపునిండా తిని వెయ్యి మెట్లు దిగడమా! కార్తీకంలో మన కొబ్బరితోటలోనే ఉసిరికొమ్మ నాటుకుని హాయిగా తిందాం. కొండకి వేరే రోజు పెట్టుకుందాం.

ఇంకో మాట. కార్తీకమంటే మన తీరానికి తుఫాన్ల కాలం. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో ఉన్నవాళ్ళకి నేను కొత్తగా చెప్పేదేముంది. విశాఖకి హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. ఆ ఒక్క రోజు గాలికి ఆ కొండల మీద చెట్లెన్ని కూలాయో తర్వాత వెళ్ళి చూసినవాళ్ళకి తెలుసు. పచ్చగా ఉండే వాలు గోధుమరంగులో కనిపించింది. ఇప్పుడు మళ్ళీ అడవి మూసుకుంది, సగానికి సగం ఆ తర్వాత లేచిన కొమ్మలే. తుఫాను దాకా ఎందుకు, మామూలు అల్పపీడనం చాలు ఆ రాతిమెట్ల మీద జారి పడటానికి. అందుకని నా మాట: సంక్రాంతి వెళ్ళాక, పుష్యం దాటకుండా ఓ ఆదివారం. కోడిపందేల బాకీలు తేలిపోయి ఉంటాయి, అల్లుళ్ళు వెళ్ళిపోయి ఉంటారు. పుష్యంలో ముహూర్తాలుండవు గనక బస్సు అద్దె బేరమాడొచ్చు, సత్రాల్లో గదులు దొరుకుతాయి. వాన భయం తక్కువ, చలి ఉంటుంది.

చలి అన్నానని ఉన్నికోట్లు సర్దుకునేరు. కొండంటే అరకులా ఉంటుందని మన పిన్నులు ఇప్పుడే శాలువాల గురించి మాట్లాడుకుంటున్నారు. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. మనం ఎక్కేది అందులో మూడోవంతు కూడా కాదు. రెండు డిగ్రీలు తగ్గితే గొప్ప. పక్కనే సముద్రం కాబట్టి గాలిలో తేమ ఎక్కువ, చెమట కారుతుందే గానీ ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు, ఉప్పుని మాత్రం పట్టుకుపోతుంది.

ఇక్కడ మన అందరికీ కోపం వచ్చే మాటొకటి చెప్పాలి. కొబ్బరిబోండాలు చాలవండి. ఆయ్, కోనసీమలో పుట్టి ఈ మాట అంటున్నాను. కొబ్బరినీళ్ళలో పొటాషియం దండిగా ఉంటుంది. చెమటలో మనం ఎక్కువగా పోగొట్టుకునేది సోడియం, అది వాటిలో తక్కువ. బోండాం తాగండి, దాంతోపాటు ఉప్పు వేసిన మజ్జిగో, లేకపోతే ఇంట్లో కలుపుకున్న నీళ్ళో ఉండాలి: లీటరు శుభ్రమైన నీటికి ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, రెండూ చెంచాకి తలకొట్టి. నిమ్మకాయ పిండుకుంటే రుచి. మనిషికి రెండు లీటర్లు ఎవరిది వాళ్ళే మోసుకోవాలి, కుర్రాళ్ళ సంచిలో వేసేయడం వద్దు. తినడానికి ఓ రెండు అరటిపళ్ళు, వేరుశనగ ఉండలు, బెల్లం ముక్క. పూతరేకులు ఎండకి జిడ్డుకట్టి చేతికంటుకుంటాయి, ఇంటి దగ్గరే ఉంచండి. కోతులు ముందు పట్టుకునేది ప్లాస్టిక్ సంచీనే కాబట్టి తిండి వీపున వేసుకునే గుడ్డసంచి లోపల ఉండాలి.

మందుల విషయం మన డాక్టరు గారు అందరినీ కూర్చోబెట్టి చెబితే బాగుంటుంది. చక్కెర జబ్బుకి ఇన్సులిన్‌ గానీ కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవాళ్ళకి గంటల తరబడి ఎక్కితే చక్కెర ఉన్నట్టుండి పడిపోవచ్చు. బీపీకి నీళ్ళమాత్ర, అంటే మూత్రం ఎక్కువ పోయించే మాత్ర, వేసుకునేవాళ్ళకి చెమట తోడైతే లేచి నిలబడగానే కళ్ళు తిరగొచ్చు. ఆ రోజు మాత్ర వేసుకోవాలా, ఎప్పుడు వేసుకోవాలి అన్నది ఎవరికి వాళ్ళు తేల్చుకునేది కాదు. స్టెంటు వేయించుకుని ఏడాది తిరగని బాబాయి ఒకరున్నారు. పేరు రాయను, ఆయనకే తెలుసు. ఆయన ముందు గుండె డాక్టరు దగ్గర సరేననిపించుకోవాలి. ఎక్కేటప్పుడు అందరికీ ఒకటే కొలత: పక్కవాళ్ళతో ఆగకుండా రెండు వాక్యాలు మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టు. మాట తెగిపోతుంటే ఆగాలి.

బూట్లు సంక్రాంతి బట్టలతో కొనుక్కుని కొండ మీదే మొదటిసారి తొడుక్కోవద్దు. కనీసం నెల ముందు కొని గట్టు మీద నడవండి. మనమంతా బూటు లేసులు ఎక్కేటప్పుడు కట్టిందే దిగేదాకా ఉంచేస్తాం. దిగేముందు విప్పి, మడమ బాగా వెనక్కి జరిపి, చీలమండ దగ్గర బిగించి కట్టాలి. లేకపోతే పాదం ముందుకి జారి ప్రతి మెట్టుకీ బొటనవేలి గోరు బూటుకి కొట్టుకుంటుంది, వారానికి గోరు నల్లబడి ఊడొస్తుంది. గోళ్ళు రెండు రోజుల ముందే తీసుకోండి. చెప్పుల్లేకుండా ఎక్కుతామని మొక్కుకున్న అక్కయ్యలున్నారు. మాధవధార వైపు ముళ్ళు, గాజుపెంకులు ఉంటాయి. మొక్కు తీరడానికి గుడి దగ్గర మెట్లు చాలుననుకుంటాను, స్వామి అంత పట్టుబట్టడు. మెట్టుమెట్టుకీ పసుపు కుంకుమ పెట్టి మొక్కు చెల్లించేవాళ్ళు వేరే లెక్క. వంగి లేస్తూ ఎక్కడానికి రెండు మూడు గంటలు అదనంగా కావాలి. వాళ్ళు కొండ కింద తొలిపావంచా దగ్గర నుంచి విడిగా మొదలుపెడితే రెండు గుంపులూ గుడి దగ్గర కలుసుకోవచ్చు.

మాధవధార దారి అందరూ నడిచే రోడ్డు కాదు. కొంత మెట్లు, కొంత పొదలు. ముందే వెళ్ళి దేవస్థానం వాళ్ళనీ అటవీశాఖ వాళ్ళనీ అడిగి, ఆ చుట్టుపక్కల మనిషిని ఒకర్ని కూలి ఇచ్చి తోడు తీసుకోవాలి. పక్కనున్న కంబాలకొండ చిరుతలుండే అభయారణ్యం, కొండవరస ఒకటే. కేకలు, స్పీకర్లు ఉండకూడదు. వరసలో అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ళు ముందుండాలి, గట్టిగా నడిచే ఇద్దరు చివర. మన అలవాటు దీనికి తలకిందులు. కాలవగట్టు మీద మాష్టారు గారి ముందు ఎవరూ నడవకూడదు, ఆయన వెనక్కి తిరిగి చూడరు. కొండ మీద ఆయన్ని చివర పెట్టాలని ప్రతిపాదిస్తున్నాను. అలక్కండి మాష్టారూ, వెనకబడ్డవాళ్ళని అదిలించడానికి బడి గొంతు ఉన్నది మీకొక్కరికే.

అన్నిటికంటే ముఖ్యం, సింహాచలంలో గుడి దాకా ఘాట్ రోడ్డుంది. నడిచి పైకి వెళ్ళిన మనిషి బస్సెక్కి కిందికి రావచ్చు. మోకాలు కిరకిరలాడినవాళ్ళు, దిగడం సాధన కుదరనివాళ్ళు, ఆ పూట ఎందుకో మనసొప్పనివాళ్ళు మారుమాట్లాడకుండా బస్సెక్కేయాలి. మిగిలినవాళ్ళు వాళ్ళని ఏడాది పొడుగునా దెప్పకూడదు. మనవాళ్ళ ఎటకారం నాకు తెలుసు. 'బస్సులో దిగిన బాబాయి' అని ఒక్కసారి పేరు పడితే చచ్చేదాకా పోదు. ఆ పేరుకి భయపడి కుంటుకుంటూ మెట్లు దిగేవాళ్ళుంటారు, పడేది వాళ్ళే. అందుకని ఆ రోజు దిగేది ఎలాగో ఎవరూ ఎవర్నీ అడగకూడదని తీర్మానంలో రాయించండి.

ఇంత చెప్పాక, వెళ్ళి చూసేదేమిటో కూడా చెప్పాలి. కొండ గట్టు దాటేచోట గాలి మారుతుంది. ఒక పక్క లోయలో మామిడి, పనస, జీడిమామిడి, అనాస తోటలు. సంపెంగలు పూసే కాలమైతే చెట్టు కనబడకముందే వాసన తెలుస్తుంది. ఇంకో పక్క ఊరంతా, ఓడరేవు, దాని అవతల వరసగా లంగరేసి నిలబడ్డ ఓడలు. అంతర్వేదిలో ఇసక మీద నిలబడితే మనకి కనబడే సముద్రం నాలుగున్నర కిలోమీటర్ల దాకానే, ఆ తర్వాత భూమి వంపు తిరిగిపోతుంది. మూడొందల మీటర్ల ఎత్తు నుంచి ఆకాశం తేటగా ఉంటే అరవై కిలోమీటర్ల దాకా కనబడుతుంది. పుట్టినప్పట్నుంచీ సముద్రం పక్కనే ఉన్న మనం దాన్ని అంత పొడుగున ఎప్పుడూ చూసి ఉండం.

కాళ్ళ కింది రాయి కూడా చూడండి. తుప్పు రంగులో ఉండి, విరిగినచోట ఎర్రటి చుక్కలు మెరుస్తాయి. ఖోండలైట్ అంటారు. ఆ చుక్కలు గార్నెట్. కోణార్క గుడి కట్టింది ఈ జాతి రాయితోనే. తూర్పు కనుమల్లో ఇలాంటి రాళ్ళు అరిగి అరిగి ఏళ్ళూ వాగుల వెంట సముద్రంలో పడితే, అలలు వాటిని కడిగి బరువైన రేణువుల్ని ఒడ్డున వదులుతాయి. మన తీరాన ఇసకలో నల్లగా, ఎర్రగా చారలు కనబడతాయే, అవి అవే. మన పిల్లలు కాలితో గీతలు గీసుకునేది కొండల పొడి మీదన్నమాట. మాష్టారు గారు సైన్సు పాఠం చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు, కాకపోతే నిలబెట్టి కాకుండా కూర్చోబెట్టి చెప్పాలి.

గుడి గురించి మీకు నేను చెప్పేదేముంది. చందనం లేని నిజరూప దర్శనం అక్షయ తృతీయ నాడేనని అందరికీ తెలుసు. గోడల మీద శాసనాలు మాత్రం వదలకండి. 1098 నాటి కులోత్తుంగ చోళుడి శాసనం నుంచి మొదలు. కృష్ణదేవరాయలు కూడా రెండుసార్లు వచ్చి వెళ్ళాడు. ఎండ తగ్గేదాకా ఆ మండపంలో నీడన కూర్చుని, మజ్జిగ తాగి, లేసులు బిగించుకుని అప్పుడు మెట్లదారి పడదాం. ఆ రోజుల్లో ఆరు కాకముందే పొద్దు గూకుతుంది కాబట్టి మూడింటికల్లా మొదటి మెట్టు దిగాలి. మూడు దాటితే అందరం బస్సే, నాతో సహా.

వచ్చే ఆదివారం లాకుల దగ్గర ఈ మూడింటి మీదా చేతులెత్తించమని అధ్యక్షుల వారిని కోరుతున్నాను: తేదీ పుష్యానికి మార్చడం, ముందురోజు రాత్రి విశాఖలో బస, అప్పటిదాకా వారానికి రెండు రోజులు కల్యాణమండపం మెట్లు. పెసరట్లు రాకముందే ఓటింగు అయిపోవాలి. బస్సుకిచ్చిన అడ్వాన్సు పోతుందని కోశాధికారి గారు దిగులుపడక్కర్లేదు. డ్రైవరుతో నేను మాట్లాడాను, అదే బస్సుని అదే తేదీకి అన్నవరం పంపడానికి ఒప్పుకున్నాడు. డీజిలు మిగులుతుంది కాబట్టి కొంత వెనక్కిస్తానన్నాడు కూడా. ఎంతిస్తాడో అన్నది మాత్రం మీరే తేల్చుకోవాలి, బేరాలు నాకు చేతకావు.

ఇట్లు,
మీ వెనక వరసలో నడిచే సభ్యుడు